0.38 మిల్లీమీటర్ల గురించి అచ్యుతాపురం అధికారులకు ఒక బహిరంగ లేఖ

భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) విశాఖ ప్రాంగణం అధికారులకు, ముఖ్యంగా రియాక్టర్ ఇంధనం డిజైన్ చేసే ఇంజనీర్లకు,

నమస్కారం.

నేను గాజువాకలో ఉంటాను. నా ఉద్యోగమంతా ఒక పెద్ద ఫ్యాక్టరీ తనిఖీ విభాగంలోనే గడిచింది. వెల్డింగ్ జాయింట్లకు ఎక్స్‌రే తీయడం, అల్ట్రాసోనిక్ ప్రోబ్‌తో పైపుల గోడ మందం కొలవడం, తేడా ఉంటే రిజెక్ట్ అని రాసి సంతకం పెట్టడం నా పని. అణు శాస్త్రవేత్తను కాను. కానీ ఒక లోహపు పొర ఎంత మందం ఉంది, ఎక్కడ పలచబడింది, ఎవరు కొలిచారు, ఆ కొలతను మళ్లీ ఎవరు సరిచూశారు అని అడగడం నాకు అలవాటు. ఈ లేఖలో అడిగేదీ అదే.

అచ్యుతాపురం ప్రాంగణంలో హై ఫ్లక్స్ రీసెర్చ్ రియాక్టర్ (న్యూట్రాన్లను దట్టంగా ఇచ్చే పరిశోధన రియాక్టర్) పెట్టాలన్న ఆలోచన మీ శాఖలో చాలా ఏళ్లుగా ఉంది. దాని గురించి మా వైపు వినిపించే మాటలు రెండే రకాలు. బాంబులా పేలుతుందని కొందరు, ఏమీ కాదు, అంతా పెద్దవాళ్లు చూసుకుంటారని కొందరు. ఇద్దరి మాటల్లోనూ అసలు వస్తువు ప్రస్తావన రాదు. ఆ వస్తువు ఇంధనం. గోడలు, కంచెలు, సెక్యూరిటీ గేట్లు అందరికీ కనిపిస్తాయి. రేడియోధార్మిక పదార్థాన్ని ముందుగా పట్టి ఉంచేది మాత్రం ఇంధన ప్లేటు మీద ఉండే పలచని అల్యూమినియం పొర. దాన్ని ఎలా డిజైన్ చేస్తున్నారో, ఏ పరిమితులు పెట్టుకున్నారో, ఎవరు పరిశీలిస్తారో తెలుగులో ఒక పత్రంగా రాసి మా ముందు పెట్టమని కోరుతున్నాను. రహస్యాలు మాకు అక్కర్లేదు. ఇలాంటి ఇంధనం గురించి మీరే దశాబ్దాలుగా అంతర్జాతీయ సదస్సుల్లో ఇంగ్లీషులో పేపర్లు చదువుతున్నారు.

ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. అది మీరు తీర్చాల్సింది, ఇన్నాళ్లూ తీర్చలేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అనుకున్నవి విద్యుత్ రియాక్టర్లు. ఆరు యూనిట్లు, ఒక్కోటి 1208 మెగావాట్లు. అచ్యుతాపురం మాట రాగానే జనం మనసులో మెదిలేది కొవ్వాడే. పరిశోధన రియాక్టర్ కరెంటు కోసం కట్టేది కాదు. న్యూట్రాన్ల కోసం కట్టేది. కొత్త పదార్థాలను పరీక్షించడానికి, వైద్యానికి కావలసిన ఐసోటోపులు తయారు చేయడానికి ఆ న్యూట్రాన్లు కావాలి. ఇక్కడ అనుకున్న దాని శక్తి పదుల మెగావాట్లలో ఉంటుంది. విద్యుత్ రియాక్టర్లకు ఇంధనం చేసే హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) గురించి మన వాళ్లకు తెలుసు కాబట్టి అణు ఇంధనం అనగానే జిర్కోనియం మిశ్రమ గొట్టాలు, వాటిలో పేర్చిన యురేనియం ఆక్సైడ్ గుళికలు గుర్తొస్తాయి. ఆ గుళిక మధ్యలో వేడి వెయ్యి డిగ్రీలు దాటిపోతుంది. పూల్ రకం, అంటే ఇంధనం నీటి కొలనులో మునిగి ఉండే పరిశోధన రియాక్టర్‌లో సాధారణంగా వాడేది పలచని ప్లేటు. అల్యూమినియం వేడిని ఇట్టే నీటికి అందిస్తుంది కాబట్టి ఆ ప్లేటు సాధారణంగా 200 డిగ్రీలు కూడా దాటదు. ఈ ఒక్క తేడా చెప్పినా సగం మంది టెన్షన్ తగ్గేది.

కానీ తక్కువ వేడి అన్నంత మాత్రాన డిజైన్ తేలిక కాదు. నా ఆసక్తి అంతా ఇక్కడే.

ప్రపంచంలో ఈ రకం ప్లేట్లలో ఎక్కువగా కనిపించే కొలతలు ఇవి: మధ్యలో యురేనియం సమ్మేళనం, అల్యూమినియం పొడి కలిసిన పొర 0.51 మిల్లీమీటర్లు, దానికి రెండు పక్కలా 0.38 మిల్లీమీటర్ల అల్యూమినియం తొడుగు. మొత్తం ప్లేటు మందం 1.27 మిల్లీమీటర్లు. ఇలాంటి ప్లేట్లను వరసగా నిలబెట్టి, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల సందులు వదిలి, ఆ సందుల్లోంచి నీళ్లు పంపిస్తారు. ఆ తొడుగునే క్లాడింగ్ అంటారు. విచ్ఛిత్తిలో, అంటే యురేనియం పరమాణువు చీలినప్పుడు పుట్టే అయోడిన్, సీసియం, జినాన్ లాంటివన్నీ దాని లోపలే ఉండిపోవాలి. నేను ఫ్యాక్టరీలో చూసిన ఏ పైపుకూ ఇంత పలచని గోడ లేదు.

ఈ ప్లేటు తయారయ్యే తీరు మన ఇళ్లలో బొబ్బట్టు చేసే తీరే. పూర్ణం ఉండను పిండిలో పెట్టి, అంచులు మూసి, కర్రతో వత్తుతాం. అక్కడ యురేనియం సిలిసైడ్, అల్యూమినియం పొడులను కలిపి అచ్చులో నొక్కిన దిమ్మ పూర్ణం. దాన్ని అల్యూమినియం చట్రంలో అమర్చి, పైనా కిందా రేకులు వేసి, చుట్టూ వెల్డ్ చేసి, వేడి చేసి రోలింగ్ మిల్లులో విడతలు విడతలుగా సాగదీస్తారు. బొబ్బట్టు వత్తేటప్పుడు పూర్ణం ఒక చివరకు తోసుకెళ్లి అక్కడ పిండి పలచబడడం వంటింట్లో అందరూ చూసిందే. ఇక్కడా అంతే. రోలింగ్‌లో ఇంధనపు పొర చివర్లలో ఉబ్బుతుంది, ఆ మేరకు తొడుగు పలచబడుతుంది. సగటు 0.38 అని కాగితం మీద ఉన్నంత మాత్రాన సరిపోదు. నాలాంటి వాడు అడిగేది చివర్లలో కనీస మందం ఎంత అని. ప్లేటును ఎక్స్‌రే తీసి యురేనియం సమానంగా పరుచుకుందో లేదో చూస్తారు. అల్ట్రాసోనిక్‌తో పొరల మధ్య అతుకు చూస్తారు. వేడి చేసి పొక్కులు లేస్తున్నాయేమో చూస్తారు. కొన్ని ప్లేట్లను కోసి తొడుగు మందాన్ని మైక్రోస్కోపు కింద కొలుస్తారు. ఈ పరీక్షల్లో మీరు పెట్టుకున్న కనీస పరిమితి ఎంత, ఎన్ని ప్లేట్లలో ఒకటి కోసి చూస్తారు, రిజెక్ట్ అయినవి ఏం చేస్తారు? ఇది నా మొదటి ప్రశ్న. ఇందులో దేశ భద్రతకు సంబంధించింది ఏమీ లేదు.

రెండోది యురేనియం గురించి. 1956 ఆగస్టు 4న ముంబైలోని మీ ట్రాంబే కేంద్రంలో మొదలైన అప్సర ఆసియాలోనే మొదటి పరిశోధన రియాక్టర్. దానిలో వాడింది యురేనియం-235 (సులువుగా విచ్ఛిత్తి అయ్యే రకం) వాటా చాలా ఎక్కువగా ఉన్న ఇంధనం. అలాంటిది చేతులు మారితే ఆయుధం అవుతుందన్న భయంతో 1978 నుంచి అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాల ముందుండి, పరిశోధన రియాక్టర్లను 20 శాతం లోపు ఇంధనానికి మార్చే పని మొదలుపెట్టింది. చెప్పడం తేలికే. 93 శాతం ఉన్న చోట 20 శాతం లోపు పెట్టాలంటే, అంతే పలచని పొరలో సుమారు అయిదు రెట్ల యురేనియం కుక్కాలి. పాత అల్యూమినైడ్ ఇంధనంలో ఘన సెంటీమీటరుకు 2.3 గ్రాముల యురేనియం దగ్గరే ఆగిపోయేవారు. ఆక్సైడ్‌తో 3.2 దాకా వచ్చారు. యురేనియం సిలిసైడ్‌తో 4.8 గ్రాముల దాకా వాడవచ్చని 1988లో అమెరికా నియంత్రణ సంస్థ ఆమోదించింది. అంతకంటే ఎక్కువ కావాలని యురేనియం-మాలిబ్డినం మిశ్రమంతో ఎనిమిది గ్రాముల వరకు ప్రయత్నించారు. రియాక్టర్‌లో పెట్టాక ఆ మిశ్రమానికీ అల్యూమినియానికీ మధ్య కొత్త పొర ఏర్పడి, కొన్ని ప్లేట్లు దిండులా ఉబ్బాయి. ఆ చిక్కు విడదీయడానికి ఎన్నో దేశాల వాళ్లు ఏళ్ల తరబడి కష్టపడాల్సి వచ్చింది.

ఉబ్బడం అనేది ఇక్కడ చిన్న మాట కాదు. ఒక మెగావాట్ శక్తితో రియాక్టర్ ఒక రోజు నడిస్తే సుమారు ఒక గ్రాము యురేనియం విచ్ఛిత్తి అవుతుంది. ప్రతి పరమాణువూ రెండు ముక్కలవుతుంది, వాటిలో కొన్ని వాయువులు. వాటన్నిటికీ ఆ అర మిల్లీమీటరు పొరలోనే చోటు దొరకాలి. సిలిసైడ్లలోనే యు3ఎస్ఐ (మూడు యురేనియం పరమాణువులకు ఒక సిలికాన్) అనే రకం ప్లేట్లలో విపరీతంగా ఉబ్బింది. దాని అన్న యు3ఎస్ఐ2 (మూడింటికి రెండు సిలికాన్) మాత్రం వాయువును చిన్న చిన్న బుడగల్లో పట్టి ఉంచి నిలకడగా నిలబడింది. ఒక్క అంకె తేడాతో ప్రవర్తన ఎంత మారిపోయిందో చూడండి! కాగితం మీద లెక్క వేస్తే సరిపోదనీ, కొత్త ఇంధనాన్ని ముందు వేరే రియాక్టర్‌లో వాడి, బయటికి తీసి, కోసి చూడాలనీ నేను పట్టుబట్టేది ఇందుకే.

మన దేశంలో ఈ దారిలో మంచి అడుగు పడింది. పాత అప్సర 2009లో ఆగిపోయింది. అదే చోట 2018 సెప్టెంబరు 10న మొదలైన అప్సర-యులో 20 శాతం లోపు యురేనియంతో చేసిన ప్లేట్లే ఉన్నాయి. కానీ దాని గరిష్ఠ శక్తి రెండు మెగావాట్లు. హై ఫ్లక్స్ అంటేనే చిన్న చోట ఎక్కువ న్యూట్రాన్లు, అంటే చిన్న చోట ఎక్కువ వేడి. జర్మనీలో మ్యూనిక్ దగ్గరున్న ఎఫ్‌ఆర్‌ఎమ్-2 రియాక్టర్‌ను 2004లో ఎక్కువ శాతం యురేనియంతోనే మొదలుపెట్టారు. దాన్ని తక్కువ శాతానికి మార్చడం వాళ్లకు ఎంత తలనొప్పిగా మారిందో మీకు నాకంటే బాగా తెలుసు. కాబట్టి అడుగుతున్నాను: అచ్యుతాపురం రియాక్టర్ ఇంధనం 20 శాతం లోపేనా? ఘన సెంటీమీటరుకు ఎన్ని గ్రాములు? అప్సర-యులో వాడిన ప్లేట్లు బయటికి తీశాక ఎలా ఉన్నాయి?

ఇక నీళ్ల సంగతి. ఇక్కడ మీ సొంత అనుభవమే మీకు గుర్తు చేయాలి. ట్రాంబేలోనే వంద మెగావాట్ల ధ్రువ రియాక్టర్ 1985 ఆగస్టు 8న మొదలైంది. దాని ఇంధనం ప్లేట్లు కాదు, అల్యూమినియం తొడుగు వేసిన యురేనియం లోహపు కడ్డీలు, ఏడేసి కలిపి ఒక గుత్తి. శక్తి పెంచుతుంటే, చల్లబరచడానికి పంపే భారజలం (బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) వేగానికి ఆ గుత్తులు కంపించాయి. కడ్డీలు ఒరుసుకుని అల్యూమినియం అరిగింది, ఆ పొడికి భారజలం మసకబారింది. రియాక్టర్‌ను ఆపి, గుత్తి నిర్మాణాన్ని మార్చి, కంపనాన్ని అదుపు చేశారు. పూర్తి శక్తికి చేరింది 1988 జనవరిలో. న్యూట్రాన్ల లెక్క తప్పలేదు, యురేనియం తప్పు చేయలేదు. నీటి ప్రవాహంలో సన్నటి కడ్డీలు ఎలా కదులుతాయన్న దగ్గర ఇంత పని పడింది. దీన్ని నేను మీ మీద ఆరోపణగా చెప్పడం లేదు. నిజం చెప్పాలంటే ఆ కథ చదివాకే మీ మీద గౌరవం పెరిగింది. తప్పు ఎక్కడుందో పట్టుకున్నారు, సరిచేశారు, అందరికీ చెప్పారు. అలాంటి కథను అచ్యుతాపురం హైస్కూల్లో పిల్లలకు తెలుగులో చెప్పడానికి అడ్డేమిటి?

ప్లేట్లకు ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. పక్కపక్క సందుల్లో నీటి ఒత్తిడి తేడాగా ఉంటే ప్లేటు ఒక వైపు వంగుతుంది. వంగితే ఆ సందు ఇరుకవుతుంది, తేడా ఇంకా పెరుగుతుంది. ఒక వేగం దాటితే ప్లేట్లు నిలవవు. మీ డిజైన్ వేగం ఆ హద్దుకు ఎంత దూరంలో ఉంది, ఆ సంగతి డమ్మీ ప్లేట్లతో పూర్తి ప్రవాహంలో పరీక్షించి తేల్చారా అన్నది తెలియాలి.

సందు మూసుకుపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1963లో అమెరికాలో ఓక్ రిడ్జ్ పరిశోధన రియాక్టర్‌లో ఒక రబ్బరు గ్యాస్కెట్ ముక్క ఇంధనపు పెట్టె పైభాగంలో పడి నీటి దారికి అడ్డొచ్చింది. ఒక ప్లేటు కొంత భాగం కరిగింది. డిజైన్ బాగానే ఉంది, ప్లేటు బాగానే ఉంది, ఎక్కడిదో గ్యాస్కెట్. ఫ్యాక్టరీలో షట్‌డౌన్ అయ్యాక ట్యాంకులోంచి స్పానర్, చేతి రుమాలు, బీడీకట్ట దొరకడం చూసిన మనిషిగా చెబుతున్నాను, ఇలాంటివి మనుషులు ఉన్న చోటల్లా జరుగుతాయి. పూల్ మీద పని చేసేవాళ్లు లోపలికి తీసుకెళ్లే ప్రతి వస్తువునూ లెక్క రాస్తారా? కాంట్రాక్టు కార్మికులకు ఆ ట్రైనింగ్ తెలుగులో ఇస్తారా, లేక ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకుని వదిలేస్తారా? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించొచ్చు. నాకు మాత్రం యురేనియం సాంద్రత కంటే ఇదే ఎక్కువ నిద్ర పట్టనివ్వదు.

తర్వాత, ఇవన్నీ ఎవరు సరిచూస్తారన్నది. దేశంలో అణు భద్రతకు 1983 నవంబరులో అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. 2000లో ప్రభుత్వం బార్క్ సదుపాయాలను ఆ మండలి పరిధి నుంచి తప్పించి, బార్క్ అంతర్గత భద్రతా మండలికి అప్పగించింది. అంటే డిజైన్ చేసేదీ మీరే, ఆమోదించేదీ మీ సంస్థలోని వాళ్లే. వాళ్ల నిజాయితీని నేను శంకించడం లేదు. కానీ మా ఫ్యాక్టరీలో కూడా ప్రొడక్షన్ మేనేజర్ కింద తనిఖీ విభాగం పెట్టకూడదన్నది నియమం. నెలాఖరులో టార్గెట్ ఉన్నప్పుడు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. విశాఖ ప్రాంగణానికి ఇప్పుడు ఏ ఏర్పాటు వర్తిస్తుందో, ఇంధన డిజైన్‌ను మీ సంస్థ బయటి నిపుణులు ఎవరైనా చూస్తారో లేదో ఒక్క పేరాలో రాయండి.

ఇంత గట్టిగా అడగడానికి ఈ ఊరికి కారణం ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్లలోకి వచ్చినప్పుడు, పక్కనున్న ట్యాంకులో ఏముందో, దాన్ని ఎంత చల్లగా ఉంచాలో, వేడెక్కితే ఏమవుతుందో చుట్టూ ఉన్న వాళ్లకు ఎవరూ చెప్పి ఉండలేదు. చాలామంది ఆ రసాయనం పేరు మొదటిసారి విన్నది ఆసుపత్రిలో. రియాక్టర్ ఇంధనానికీ స్టైరీన్ ట్యాంకుకూ పోలిక లేదని నాకు తెలుసు. ముందుగా చెప్పకపోవడం అన్న దగ్గర మాత్రం పోలిక ఉంది.

ఈ రియాక్టర్ వద్దనే వాళ్లలో నేను లేను. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. స్కానింగులకు వాడే టెక్నీషియం-99ఎమ్ అర్ధాయువు (సగానికి తగ్గే సమయం) ఆరు గంటలు, దాన్ని ఇచ్చే మాలిబ్డినం-99 అర్ధాయువు 66 గంటలు. ఎక్కడో తయారై, విమానం ఎక్కి వచ్చేలోపే సరుకు కరిగిపోతుంది. ఇంత దగ్గర్లో తయారవుతుందంటే కాదనేవాళ్లు ఎవరుంటారు? పైగా స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టిన ఊరు ఇది. ఈ చదువు మాకు కొత్త కాదు. ఆ విభాగం వాళ్లనూ, ఇంజనీరింగ్ కాలేజీల్లో మెటలర్జీ చెప్పేవాళ్లనూ కూర్చోబెట్టి మీ ఇంధన నివేదిక చూపించండి. తెలుగు పత్రం రాయడానికి వాళ్లు సాయం పడతారు.

చివరిగా, ఈ తీరానికి సంబంధించిన విషయం ఒకటుంది. దాన్ని ట్రాంబే అనుభవంతో సరిపెట్టకుండా ఇక్కడ కొత్తగా చూడాలి. అల్యూమినియానికి ఉప్పులో ఉండే క్లోరైడ్ పడదు. నీటిలో క్లోరైడ్ ఉంటే తొడుగు మీద చుక్కలు చుక్కలుగా గుంటలు పడతాయి. వాడేసిన ఇంధనం పూల్‌లో ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి గుంట లోతుగా దిగడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. అందుకే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1990లలోనే వేర్వేరు దేశాల పూళ్లలో అల్యూమినియం బిళ్లలు వేలాడదీసి తుప్పును గమనించే కార్యక్రమం నడిపింది, మన దేశం కూడా అందులో పాల్గొంది. అచ్యుతాపురం పక్కన తీరంలో ఉన్న పూడిమడక గాలిలో ఎంత ఉప్పు ఉంటుందో అక్కడ ఇల్లు కట్టుకున్న ఎవరిని అడిగినా చెబుతారు. కొత్త కిటికీ గ్రిల్ రెండు వానాకాలాలకే పొరలు లేస్తుంది. పూల్ హాలుకు వచ్చే గాలిని ఎలా వడకడతారు? నీటి వాహకత (విద్యుత్తును పోనిచ్చే గుణం, ఉప్పు కలిస్తే పెరుగుతుంది), క్లోరైడ్ ఎంత దాటితే రియాక్టర్ ఆపుతారు? వాడేసిన ఇంధనం ఎన్నేళ్లు ఇక్కడ ఉంటుంది, తర్వాత ఎక్కడికి పోతుంది?

ఈ చివరి అంశానికి పెద్ద నివేదిక కూడా అవసరం లేదు. రియాక్టర్ మొదలయ్యాక పూల్ నీటి వాహకత, క్లోరైడ్, నీటిలో రేడియోధార్మికత, ఈ మూడు అంకెలను వాటి పరిమితులతో సహా నెలనెలా అచ్యుతాపురం మండల కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టండి. ఎక్కడైనా ప్లేటు తొడుగు చిల్లుపడితే ముందు తెలిసేది ఆ మూడో అంకెలోనే. ఆ బోర్డు కాలేజీ పిల్లలకు చదివి చెప్పే పని కావాలంటే నాకు అప్పగించండి, ప్రతి నెలా బస్సెక్కి వస్తాను.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక రిటైర్డ్ తనిఖీ ఉద్యోగి